కారు ఏసీలో కంపు: మూలం ఒకచోట, మందు మరోచోట

తొలకరి పడ్డాక కారు ఏసీ మెకానిక్ దగ్గరికి వచ్చే ఫిర్యాదు మారిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ‘చల్లదనం చాలడం లేదు’ అంటూ వచ్చినవాళ్లే జూలైలో ‘ఏసీ వేయగానే ముక్కు మూసుకోవాల్సి వస్తోంది’ అంటారు. మొదటి అర నిమిషం ఘాటుగా కొడుతుంది, తర్వాత తగ్గినట్టు అనిపిస్తుంది. నిజంగా తగ్గుతుందో, ముక్కుకు అలవాటవుతుందో చెప్పడం కష్టం. యజమాని డ్యాష్‌బోర్డు మీద సెంటు సీసా పెడతాడు. కొన్నిచోట్ల మెకానిక్ గ్యాస్ నింపి పంపిస్తాడు. నెల తిరక్కుండానే మళ్లీ అదే కంపు. ఈ రెండు పనులకూ కంపు పుట్టిన చోటుతో సంబంధం లేదు కాబట్టే ఇలా జరుగుతుంది.

పుట్టిన చోటు డ్యాష్‌బోర్డు వెనక ఉంది. చాలా కార్లలో గ్లోవ్ బాక్స్ వెనక భాగంలో, నల్లటి ప్లాస్టిక్ పెట్టెలో ఇవాపరేటర్ ఉంటుంది. మెకానిక్‌లు దాన్ని కూలింగ్ కాయిల్ అంటారు. పల్చటి అల్యూమినియం రేకుల మధ్య సన్నని గొట్టాలు, వాటిలో ఆవిరయ్యే గ్యాస్. బ్లోవర్ తోసే గాలి ఆ రేకుల సందుల్లోంచి దూరి చల్లబడి బయటికి వస్తుంది. చల్లబడిన గాలి తనలోని తేమను పట్టి ఉంచలేదు. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున ఒక ఘనపు మీటరు గాలిలో దాదాపు 24 గ్రాముల నీరు ఉంటుంది. అదే గాలిని 10 డిగ్రీలకు దించితే అందులో నిలిచేది 9 గ్రాములకు కాస్త ఎక్కువ. మిగిలిన 15 గ్రాములూ కాయిల్ మీదే నీటి బొట్లుగా తేలతాయి. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రతీర పట్టణాల్లో వానాకాలమంతా ఇదే లెక్క.

ఆ నీరు పెట్టె అడుగునున్న డ్రెయిన్ పైపు గుండా రోడ్డు మీదికి కారిపోవాలి. ఆపిన కారు కింద నీళ్లు చూసి కంగారు పడేవాళ్లు ఉన్నారు. ఉక్కపోత రోజున ఏసీ వేసినా నీళ్లు కారకపోతేనే కంగారు పడాలి.

ఇంజిన్ ఆపేశాక అసలు కథ మొదలవుతుంది. కాయిల్ తడిగానే ఉంటుంది, చీకటి, గాలి ఆడదు, కాసేపటికి వెచ్చబడుతుంది. గాలితో వచ్చిన రోడ్డు దుమ్ము, పుప్పొడి, మనుషుల చర్మం పొట్టు, బట్టల నూగు రేకుల మధ్య అంటుకుని ఉంటాయి. బ్యాక్టీరియాకూ బూజుకూ ఇంతకన్నా ఏం కావాలి? కొద్ది కాలంలోనే రేకుల మీద జిగట పొర ఏర్పడుతుంది. ఆ పొరలోని జీవులు వదిలే వాయువులే మనకు వచ్చే వాసన. ఉతికిన తువ్వాలును ఆరకుండానే మడిచి పెట్టెలో పెడితే వచ్చే ముక్క వాసన, దీని వాసన ఒకే కుదుటివి.

దీన్ని ప్రయోగశాలలో తేల్చినవాళ్లలో అమెరికాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీ సూక్ష్మజీవ శాస్త్రవేత్తలు ముఖ్యులు. 1990లలో వాళ్లు పాత కార్ల ఏసీ భాగాలను విప్పి చూశారు, వాటి మీద పెనిసిలియం లాంటి బూజులు కాపురం ఉన్నాయని రాశారు. 2000లో ‘కరెంట్ మైక్రోబయాలజీ’ పత్రికలో వచ్చిన వాళ్ల పరిశోధన ఇంకో అడుగు ముందుకు వేసింది. ఏసీలో దొరికే ఒక పెనిసిలియం బూజునూ, మిథైలోబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియానూ పెంచి, అవి ఏయే వాయువులు వదులుతున్నాయో కొలిచింది. బ్యాక్టీరియా నుంచి డైమిథైల్ డైసల్ఫైడ్, డైమిథైల్ ట్రైసల్ఫైడ్ అనే గంధక సమ్మేళనాలు వచ్చాయి. మొదటిది వెల్లుల్లి ఘాటుకూ, రెండోది కుళ్లిన క్యాబేజీ కంపుకూ దగ్గర. అంటే కంపు కొడుతున్నది కేవలం మురికి కాదు, మురికి తిని బతుకుతున్న ప్రాణులు. వాటి మీద ఎంత సెంటు కుమ్మరించినా అవి తమ పని మానవు.

వాసన ఎప్పుడు వస్తుందో గమనించడం కూడా ముఖ్యమే. ఆరిన కాయిల్ తడిసేటప్పుడూ, తడిసిన కాయిల్ ఆరేటప్పుడూ రేకులకు అంటుకుని ఉన్న వాసన అణువులు ఒక్కసారిగా గాలిలోకి లేస్తాయి. అందుకే ఏసీ వేసిన తొలి క్షణాల్లోనూ, కంప్రెసర్ ఆగినప్పుడూ కంపు ఎక్కువ. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగిపోయే కార్లు ఇప్పుడు చాలా వచ్చాయి. వాటిలో కొన్నింటిలో ప్రతి ఎర్ర దీపం దగ్గరా ఒక దఫా వాసన రావడానికి కారణం ఇదే. ఇంజిన్‌తో పాటు కంప్రెసర్ ఆగుతుంది, కాయిల్ వేడెక్కుతుంది, బ్లోవర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

అయితే ఏసీ గాలితో వచ్చే ప్రతి వాసనా బూజుది కాదు. ఈ తేడా తెలియకే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు, అరుదుగా ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. తియ్యగా, పాకం లాంటి వాసన వచ్చి, ముందు అద్దం లోపలి వైపు జిడ్డు పొర కడుతుంటే అది కూలెంట్. డ్యాష్‌బోర్డు లోపలున్న హీటర్ కోర్ కారుతోందని అర్థం. కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ విషం, దాని వాసన పీలుస్తూ తిరగకూడదు, ఇంజిన్ వేడెక్కి ఆగిపోయే ముప్పు కూడా ఉంది. కాలిన ప్లాస్టిక్ వాసన వస్తే బ్లోవర్ మోటారో, దాని రెసిస్టరో, వైరింగో మాడుతున్నట్టు. వెంటనే ఏసీ కట్టేసి, కారు పక్కకు ఆపాలి. పెట్రోలు వాసన వస్తే రేపటిదాకా ఆగకూడదు. ఇంజిన్ పొగ వాసన లోపలికి వస్తే అన్నింటికన్నా ప్రమాదం, దాని వెంటే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. పొగకు వాసన ఉంటుంది కానీ మనిషిని చంపే ఆ వాయువుకు వాసన లేదు. మూసిన షెడ్డులో ఇంజిన్ ఆన్ చేసి, ఏసీ వేసుకుని కారులో నిద్రపోవడం ఎందుకు ప్రాణాంతకమో ఇక్కడే తెలుస్తుంది.

గ్యాస్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఇప్పటి కార్లలో ఎక్కువగా వాడే ఆర్-134ఎ గ్యాస్‌కు దాదాపు వాసనే లేదు, అది మూసిన గొట్టాల్లో తిరుగుతుంది, లీకు లేకపోతే తగ్గదు. బూజు కంపుకు గ్యాస్ నింపడం రోగానికి సంబంధం లేని ఇంజెక్షన్ పొడవడమే. పైగా పాత గ్యాస్‌ను గాలిలోకి వదిలేసి కొత్తది నింపే అలవాటు చాలా షెడ్లలో ఉంది. భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లకు పైగా శక్తి ఉన్న వాయువు అది. చల్లదనం బాగానే ఉండి వాసన మాత్రమే వస్తుంటే గ్యాస్ జోలికి పోనక్కర్లేదని యజమాని గట్టిగా చెప్పాలి.

ఎలుకలది మరో అధ్యాయం. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గరున్న జాలీ గుండా బయటి గాలి ఏసీలోకి వెళ్తుంది. వేప చెట్టు, కానుగ చెట్టు కింద రోజూ ఆపే కార్లలో ఆ జాలీ కింద ఆకులు, పూత పేరుకుని వానకు తడిసి కుళ్లిపోతాయి. అదే దారిన ఎలుకలు దూరి, గాలిని వడకట్టే ఫిల్టర్ మీద గడ్డీ గుడ్డపేలికలూ పేర్చి గూడు కడతాయి. ఫిల్టర్ కొరికి బ్లోవర్‌లో పడి చస్తే వచ్చే కంపు ఏ ఫోము క్లీనర్‌కూ లొంగదు. వెతికి తీసేయాల్సిందే. గ్లోవ్ బాక్స్ దింపి ఫిల్టర్ బయటికి లాగగానే సగం కథ కళ్ల ముందే ఉంటుంది.

కొన్నిసార్లు నేరం కారు నేలది, నింద ఏసీది. ఒలికిన పాలు, పెరుగు, చేపల సంచి నుంచి కారిన నీళ్లు తివాచీ కింది స్పాంజిలోకి ఇంకితే, ఏసీ గాలి ఆ వాసనను తిప్పి తిప్పి కొడుతుంది. సన్‌రూఫ్ పైపులు పూడుకుపోయి లోపలికి నీరు దిగినా ఇంతే. వరదలో మునిగిన కార్లది ఇంకా పెద్ద కష్టం. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ మునిగినప్పుడు వేలాది ఇళ్ల ముందు కార్లు బురద నీటిలో నిలిచాయి. అలా మునిగిన బండి ఏసీ పెట్టెలోకి, సీట్ల దూదిలోకి బురద చేరితే, పైపైన కడిగి అమ్మినా ముక్కు పసిగడుతుంది. సెకండ్ హ్యాండ్ కారు చూసేటప్పుడు అద్దాలన్నీ మూసి, ఏసీని లోపలి గాలి మీద పెట్టి, పది నిమిషాలు కూర్చోవడం రంగు చూడటం కన్నా ఎక్కువ చెబుతుంది. లోపల సెంటు వాసన మరీ దట్టంగా ఉంటే అదే ఒక హెచ్చరిక.

బూజు వాసన ఆరోగ్యానికి హానికరమా అన్న ప్రశ్నకు భయపెట్టకుండా, తేలిగ్గా తీసేయకుండా జవాబు చెప్పాలి. ఆరోగ్యవంతులకు ఎక్కువగా అది చికాకు. ఉబ్బసం, అలర్జీ ఉన్నవాళ్లకు బూజు బీజాలు దగ్గు, తుమ్ములు, ఆయాసం తెప్పించగలవు. కలుషితమైన కారు ఏసీ వల్ల ఊపిరితిత్తులు వాచిన రోగి గురించి 1980ల తొలినాళ్లలోనే అమెరికా వైద్యులు ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో నివేదించారు. అలాంటివి అరుదు. కానీ కారు ఎక్కినప్పుడల్లా దగ్గు మొదలై, దిగాక తగ్గుతుంటే మాత్రం ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి.

ఇక మందుల విషయం. వరసలో మొదటిది క్యాబిన్ ఫిల్టర్. చాలా కార్లలో గ్లోవ్ బాక్స్ వెనకే ఉంటుంది, స్క్రూడ్రైవర్ కూడా లేకుండా మార్చుకోవచ్చు, కొన్ని వందల రూపాయల ఖర్చు. మన రోడ్ల దుమ్ముకు ఏడాదికోసారి, లేదా పది పన్నెండు వేల కిలోమీటర్లకోసారి మార్చడం మేలు, సరిగ్గా వానాకాలం ముగిశాక మారిస్తే ఇంకా మేలు. దులిపి, నీళ్లతో కడిగి మళ్లీ పెట్టే పద్ధతి చాలాచోట్ల ఉంది. కాగితం ఫిల్టర్ కడిగితే పాడవుతుంది, తడిగా పెడితే అదే కొత్త బూజు పుట్ట. బొగ్గు పొర ఉన్న ఫిల్టర్లు బయటి వాసనలను కొంత పీల్చుకుంటాయి. హైదరాబాద్ దగ్గరి జవహర్‌నగర్ డంపింగ్ యార్డు పక్కనుంచి రోజూ వెళ్లేవాళ్లకు వాటితో ఊరట. కాయిల్ మీద పుట్టే కంపును మాత్రం అవి ఆపలేవు, చాలా కార్లలో ఫిల్టర్ కాయిల్‌కు ముందే ఉంటుంది కాబట్టి. కొన్ని పాత, చవక మోడళ్లలో ఫిల్టరే ఉండదు, దుమ్మంతా నేరుగా కాయిల్ మీదికే పోతుంది.

రెండోది డ్రెయిన్ పైపు. ఏసీ వేసి పావుగంట ఆగి, కారు కింద, ముందు సీటు దరిదాపుల్లో నీళ్లు పడుతున్నాయో లేదో చూడాలి. పడకపోతే, ముందు సీటు కాళ్ల దగ్గర తివాచీ తడిగా ఉంటే, బ్రేకు వేసినప్పుడు డ్యాష్‌బోర్డు లోపల నీళ్లు కదిలిన చప్పుడైతే పైపు పూడుకుపోయినట్టే. మెకానిక్ కింది నుంచి మెల్లగా గాలి కొట్టో, మెత్తటి తీగ పెట్టో తీసేస్తాడు. పది నిమిషాల పని. దీన్ని వదిలేసి వేలు పోసి ఏ రసాయనం కొట్టించినా ఎక్కడి గొంగళి అక్కడే.

మూడోది ఆరబెట్టడం. మూడింటిలో అత్యంత విలువైనది ఇదే. గమ్యం చేరడానికి కొన్ని నిమిషాల ముందు ఏసీ బటన్ ఆపి, ఫ్యాన్ మాత్రం ఉంచి, బయటి గాలి లోపలికి వచ్చేలా మీట మార్చమని చాలామంది చెబుతారు. మంచి అలవాటే, కానీ ఊరినిబట్టి ఫలితం మారుతుంది. అనంతపురం పొడి గాలికి నాలుగైదు నిమిషాల్లోనే కాయిల్ చాలావరకు ఆరుతుంది. ఆగస్టులో విశాఖ గాలి తానే తడిసి ఉంటుంది, అక్కడ పది పదిహేను నిమిషాలైనా పడుతుంది. రోజూ కుదరకపోతే వారానికి రెండు మూడు సార్లైనా ఇల్లు చేరాక అద్దాలు దించి ఫ్యాన్ నడపాలి. గాలిని ముందు అద్దం వైపు తిప్పితే చాలా కార్లలో కంప్రెసర్ దానంతటదే ఆన్ అవుతుందన్నది గుర్తుంచుకోవాలి. ఆరబెడుతున్నామనుకుని అలా చేస్తే కాయిల్‌ను మళ్లీ తడిపినట్టవుతుంది.

హీటరుతో ఆరబెట్టే చిట్కాలోనూ ఇలాంటి మెలికే ఉంది. గాలి ముందు కూలింగ్ కాయిల్‌ను దాటి, ఆ తర్వాతే హీటర్ మీదికి వెళ్తుంది. బయటి గాలి తీసుకుంటూ హీటర్ వేస్తే క్యాబిన్ వేడెక్కుతుంది, కాయిల్ దగ్గరికి ఆ వేడి రాదు. లోపలి గాలే తిరిగే మీట వేసి, అద్దాలు మూసి, మనుషులు దిగాక, ఆరుబయట పది నిమిషాలు హీటర్ నడిపితే వేడి గాలి చుట్టూ తిరిగి కాయిల్‌ను ఆరబెడుతుంది. ఆ తర్వాత తలుపులన్నీ తీసి ఆ తేమను బయటికి పంపాలి. పిల్లలను, పెంపుడు జంతువులను లోపల ఉంచి ఈ పని అస్సలు చేయకూడదు.

ఈ మూడూ చేసినా వాసన పోకపోతే కాయిల్ శుభ్రం చేయించాలి. ఫోము క్లీనర్‌ను సన్నని గొట్టంతో డ్రెయిన్ దారినో, బ్లోవర్ రెసిస్టర్ విప్పిన రంధ్రం గుండానో నేరుగా రేకుల మీదికి పంపడం నమ్మదగిన పద్ధతి. కాసేపటికి ఫోము కరిగి మురికితో సహా కింద కారుతుంది. ఆ నీటి రంగు చూస్తే ఎంత పేరుకుందో తెలుస్తుంది. కాయిల్ మీద పడకుండా వెంట్లలో కొట్టే స్ప్రేతో ఫలితం అంతంతే, వెంట్లు కాయిల్‌కు ఆవలి వైపు ఉంటాయి. సీటు మధ్య పెట్టి వదిలే పొగ డబ్బాలు క్యాబిన్ వాసనను తగ్గిస్తాయి, జిగట పొరను పెకలించలేవు. డ్యాష్‌బోర్డు దింపి కాయిల్ బయటికి తీసి కడిగించడం ఆఖరి మెట్టు. వేల ఖర్చు, ఒక రోజు పని, సరిగ్గా బిగించకపోతే డ్యాష్‌బోర్డు జీవితాంతం కిటకిటలాడుతుంది. కాయిల్ చిల్లుపడినప్పుడో, ఎలుక లోపలే చచ్చినప్పుడో తప్ప దీనికి ఒప్పుకోవద్దు.

ఓజోన్ యంత్రాల ప్రచారం ఈమధ్య ఎక్కువైంది. ఓజోన్ వాసన అణువులను విరగ్గొట్టగలదు, నిజమే. కానీ అది ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, రబ్బరును పగిలేలా చేస్తుంది. మనుషులకు సురక్షితమైన మోతాదులో ఓజోన్ గాలిలోని కాలుష్యాన్ని పెద్దగా తొలగించలేదని అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ చాలా కాలంగా చెబుతోంది. సిగరెట్ వాసన పట్టిన కారుకు, ఎవరూ లేనప్పుడు, అనుభవజ్ఞుల చేతుల్లో ఒకసారి వాడి, తర్వాత గంటలపాటు తలుపులు తెరిచి ఉంచితే ఉపయోగం ఉండొచ్చు. తడి కాయిల్‌కు అది జవాబు కాదు.

ఇంటి వైద్యాల్లో కొన్ని హానిలేనివి. బొగ్గు సంచి, వంట సోడా గిన్నె క్యాబిన్‌లోని వాసనను కొంత పీల్చుకుంటాయి. కలరా ఉండలు మాత్రం వద్దే వద్దు. ఎలుకలు రావని, వాసన పోతుందని చాలామంది వాటిని బ్లోవర్ దారిలో వేస్తారు. వాటిలోని నాఫ్తలీన్ ఆవిరి జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పసిపిల్లల్లో రక్తకణాలను విరగ్గొట్టి ప్రాణాపాయం తేగలదు. ఆ లోపం ఉందని చాలా కుటుంబాలకు తెలియనే తెలియదు. బ్లీచింగ్ ద్రావణం అల్యూమినియం రేకులను తినేస్తుంది, దానికి వెనిగర్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఏసీ గాలి వెళ్లే దారిలో వీటిలో దేనికీ చోటు లేదు.

ఇంత శ్రమ వినియోగదారుడి నెత్తిన ఎందుకు పడిందో కూడా చూడాలి. 1940 మోడల్‌గా ప్యాకార్డ్ కంపెనీ తొలిసారి ఏసీ పెట్టి కార్లు అమ్మినప్పుడు చల్లబరిచే యంత్రం వెనక డిక్కీలో ఉండేది. 1954లో నాష్ కంపెనీ హీటరునూ ఏసీనీ కలిపి కారు ముందు భాగంలోనే ఇమిడ్చింది. పరిశ్రమంతా ఆ దారే పట్టింది. చోటు కలిసొచ్చింది, కాయిల్ మాత్రం డ్యాష్‌బోర్డు వెనక చేతికందని చోట చిక్కుకుపోయింది. అప్పటి నుంచి కంపు ఫిర్యాదులు ఆగలేదు. అమెరికాలో టయోటా కామ్రీ యజమానులు ఏసీ దుర్వాసన మీద కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టుకు కూడా వెళ్లారు.

పరిష్కారం తెలియక ఆగిపోయిన సమస్య కాదిది. కారు ఆపాక కొంతసేపటికి బ్లోవర్‌ను తిప్పి కాయిల్‌ను ఆరబెట్టే చిన్న పరికరాన్ని జనరల్ మోటార్స్ 1990లలోనే ఫిర్యాదు వచ్చిన కార్లకు బిగించింది. 2020లో హ్యుందాయ్ గ్రూపు ఇదే పనిని కారులోనే అమర్చినట్టు ప్రకటించింది. ఇంజిన్ ఆపిన అరగంటకు, నీరు దానంతటది కారిపోయాక, బ్లోవర్ పది నిమిషాలు తిరుగుతుంది. బ్యాటరీ తక్కువగా ఉంటే ఆగిపోతుంది. బ్లోవర్, బ్యాటరీ, కంప్యూటర్ అన్నీ కారులో ముందే ఉన్నాయి, కావాల్సింది ప్రధానంగా నాలుగు వరసల ఆదేశమే.

ఈ సౌకర్యం అందరికన్నా ఎక్కువ అవసరమైంది రోజంతా ఏసీలో ఉండేవాళ్లకు. హైదరాబాద్ క్యాబ్ డ్రైవర్లు కిలోమీటరుకు వచ్చేది ఏసీ ఖర్చుకు చాలడం లేదంటూ 2024 ఏప్రిల్‌లో ‘నో ఏసీ’ ప్రచారం నడిపారు. ఇంధనానికే వెతుక్కునే మనిషి కాయిల్ శుభ్రానికి వేరే డబ్బు ఎక్కడ తెస్తాడు? కొత్తగా తయారయ్యే, 3.5 టన్నులు దాటిన సరకు లారీల క్యాబిన్లకు 2025 నుంచి ఏసీ తప్పనిసరి అయింది. దుమ్ము రోడ్ల మీద రాత్రింబవళ్లు ఆ క్యాబిన్‌లోనే తిని, పడుకునే డ్రైవర్ల ఏసీలకు ఫిల్టర్ ఎవరు మారుస్తారు, డ్రెయిన్ ఎవరు చూస్తారు అన్నది లారీ యజమానులు ఇప్పుడే తేల్చుకోవాలి.

కొత్త కారు కొనేవాళ్లు మైలేజీ, స్క్రీను సైజుతో పాటు ఇంకో ప్రశ్న అడగాలి: ఆపాక కాయిల్‌ను ఆరబెట్టే ఏర్పాటు ఉందా? నలుగురు అడిగితే షోరూమ్ వాళ్లు రాసుకుంటారు, నలభై మంది అడిగితే కంపెనీ వింటుంది. భారతదేశంలో, అందులోనూ తీరప్రాంతాల్లో అమ్మే ప్రతి కారులోనూ ఈ ఏర్పాటును అదనపు డబ్బు అడగకుండా ఇవ్వాలి.